తువాలు విడువని యాజకుడు

పాఠ్యభాగము: యోహాను 13:1-17

ప్రభువు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములను కడిగెను. ఆ కార్యము ఒక యాజకుని జీవితమును ఎట్లు మలచెనో చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ చరిత్రయందు చూడగలము.

ఆయన 1871లో ఇంగ్లండునందు జన్మించి, 1897లో ఆంగ్లికన్ సంఘమున యాజకాభిషేకము పొందెను. 1904లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చెను. రెండేండ్లకు ప్రిన్సిపాలు పదవి ఖాళీ కాగా, అది తన సహోపాధ్యాయుడైన ఎస్. కె. రుద్రకే చెందవలెనని పట్టుపట్టెను. అట్లు రుద్ర ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలయ్యెను. తాను తగ్గుటయే ఆయన తొలి పరిచర్య.

1914లో డర్బను రేవున దిగి, ఆండ్రూస్ వంగి గాంధీగారి పాదములను తాకెను. పాదిరియైన ఆంగ్లేయుడు భారతీయునికి వంగుట అక్కడి తెల్లవారికి సహింపరానిదాయెను.

1915లో ఆయన స్నేహితుడైన పియర్సనుతో ఫిజీ దీవులకు వెళ్లెను. అయిదేండ్ల ఒడంబడికకు కట్టుబడిన మన కూలీలు అచ్చట చెరకు తోటలలో పనిచేయుచుండిరి. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన తెలుగువారును వారిలో నుండిరి. ఆండ్రూస్ వారి ఇరుకు గదులను చూచి, వారి దుఃఖము విని, 1916లో నివేదిక ప్రకటించెను. గోఖలే, మాలవీయ, గాంధీ మొదలగువారి ప్రయత్నములతో ఆయన సాక్ష్యమును కలిసెను. 1917లో కూలీల సేకరణ నిలిచెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒడంబడికలును రద్దాయెను.

ఒక సంగతి దాచరాదు. విశ్వాస ప్రమాణములలో కొన్నిటిని మనస్సాక్షితో పలుకజాలక, ఆయన 1914లో యాజకధర్మములను విడిచెను. జీవితపు చివరి సంవత్సరములలో మరల చేపట్టెను. దీనినిబట్టి సిద్ధాంతము నిష్ప్రయోజనమని తలంపరాదు. సత్యమును ఒప్పుకొను నోరును, తువాలు పట్టు చేయియు ఒకే దేహమున నుండవలెను. ఆయన నోరు కొంతకాలము తడబడెనుగాని చేయి తువాలును విడువలేదు. మనకో, ప్రమాణము కంఠస్థమే, తువాలు ఎక్కడ?

1940 ఏప్రిల్ 5న ఆయన కలకత్తాలో ప్రభువునందు నిద్రించెను. దీనబంధువను పేరు ఆయనకు నిలిచినది.

ఆలోచింపుడి: మన గ్రామములనుండి గల్ఫు దేశములకు వెళ్లిన కూలీల పేర్లు మన ఆదివారపు విజ్ఞాపనలలో వినబడుచున్నవా? సంతకము చేయకముందు వారి ఒడంబడికను చదివి వివరించువారు సంఘమున నున్నారా?

ప్రార్థన: ప్రభువా, మేము కడుగవలసిన పాదములను మాకు చూపుము. ఆమేన్.