కలిపే ముందు కొలవండి

మీ ఇంట్లో మూలనపడిన పాత కంప్యూటర్ ఉందా? పాత సామాన్ల బండికి తూకానికి వేసే ముందు ఒక్క మాట వినండి. అందులో పవర్ సప్లై, అంటే మెకానిక్కులు ఎస్‌ఎంపీఎస్ అనే ఇనప డబ్బా, ఇంకా పనిచేస్తూ ఉంటే దానితో ఒక చిన్న ఎల్‌సీడీ తెరను వెలిగించండి. కారు రివర్స్ కెమెరాకు పెట్టే ఏడంగుళాల తెర చాలు.

పెద్దాపురం పిల్లలకు నేను ఈ పనే ఎందుకు చెబుతున్నానంటే, ఖర్చు కొంచెం, నేర్పేది కొండంత. ఆత్మవిశ్వాసం మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా రాని పట్టు, ఇలాంటి పని ఒక్కటి మొదలుపెట్టి చివరిదాకా చేస్తే వస్తుంది. ఊహించి చెప్పేవాడి గొంతు తడబడుతుంది. కొలిచి చెప్పేవాడి గొంతు నిలకడగా ఉంటుంది.

1. అవసరం చదవండి

ముందు తెర వెనక్కి తిప్పండి. చిన్న స్టిక్కర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉందనుకుందాం. రెండూ గుణిస్తే 12 వాట్లు. అదీ దాని ఆకలి. కొన్ని తెరలకు 5 వోల్టులే కావాలి. వాటికి 12 ఇస్తే కాలిపోతాయి. కొన్ని మానిటర్లు 19 అడుగుతాయి. వాటిని 12తో నడపాలని చూడొద్దు. పిన్ను బొమ్మ కూడా చూడండి. మధ్య చుక్క ప్లస్సుకు కలిసి ఉంటే లోపలి పిన్ను ప్లస్, బయటి గొట్టం మైనస్.

చేతికి పని రాగానే మొదలుపెట్టేయడం చురుకుదనం అనిపించుకోదు. ఏం అడిగారో పూర్తిగా చదివి, అర్థం కానిది అడిగి, అప్పుడు చెయ్యి వేసేవాడే ఏ ఆఫీసుకైనా కావాలి.

2. పెద్ద అంకెకు బెదరకండి

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చూడండి. 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు అని ఉండొచ్చు. ఒక్క ఆంపియర్ తెరలోకి పదహారు దూసుకొస్తాయేమోనని కొత్తవాళ్లు భయపడతారు. అలా జరగదు. వోల్టేజీ సప్లై ఇచ్చేది, కరెంటు తెర తీసుకునేది. వోల్టేజీ సరిపోతే తెర తనకు కావలసినంతే లాగుతుంది.

మన ఊరి బడి నుంచి కాకినాడ జేఎన్‌టీయూ లాంటి చోటికి వెళ్లిన పిల్లలు మొదట్లో ఆ లైబ్రరీ, ఆ ల్యాబులు చూసి బిక్కచచ్చిపోతారు. అంతా ఒకేసారి మింగమని ఎవరూ అనరు. మీకు కావలసింది తీసుకోండి, రోజూ తీసుకోండి.

3. పాత తెలివిని కొత్త చోట పరీక్షించండి

ఇంటి వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని మనలో చాలామందికి తెలుసు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ఎస్‌ఎంపీఎస్‌లో లెక్క వేరు. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండ్. ఆకుపచ్చ తీగ ఎర్త్ కానే కాదు, సప్లైని ఆన్ చేసే తీగ. దాన్ని నల్ల తీగకు కలిపితేనే డబ్బాలో ఫ్యాను తిరుగుతుంది.

ఇంటి వైరింగు తెలిసినవాడే ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. తెలుసు అనుకున్న చోటే చూపు మొద్దుబారుతుంది. కొత్త ఉద్యోగంలో చేరిన వారం కూడా అంతే. పాత చోట చెల్లిన పద్ధతి ఇక్కడ చెల్లుతుందా అని ఒక్కసారి చూసుకోండి.

4. నమ్మకాన్ని మీటరుకు అప్పగించండి

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, పసుపు తీగ అనగానే 12 వోల్టులని నమ్మేయకండి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. నల్ల ప్రోబు నల్ల తీగకు, ఎర్ర ప్రోబు పసుపు తీగకు ఆనించండి. 11.4 నుంచి 12.6 మధ్య చూపిస్తే సరే. కొన్ని పాత సప్లైలు లోడు లేకుండా నిలకడగా ఉండవు. అందుకని తెర కలిపాక మళ్లీ కొలవండి.

ఎవరు చెప్పినా, ఎంత పెద్దవారు చెప్పినా, సరిచూసుకోవడం అమర్యాద కాదు. మర్యాదగా విని, స్వయంగా సరిచూసుకోండి.

5. చెడు జరిగితే ఏమిటో ముందే ఆలోచించండి

తెరకు ఒక్క ఆంపియరే కావచ్చు. తీగలు ఒకదానికొకటి తగిలితే మాత్రం ఆ డబ్బా తన బలమంతా చూపిస్తుంది, తీగలు కాలతాయి. కాబట్టి పసుపు తీగలో, సప్లైకి దగ్గరగా, 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ప్లగ్గు తీశాకే తీగలు ముట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు మిగిలే ఉంటుంది. మొదటిసారి తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్నని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆషాఢంలో మరిడమ్మ జాతరకు మన వీధులు దీపాలతో మెరిసిపోతాయి. అంత జనం మధ్య అన్ని దీపాలు క్షేమంగా వెలగాలంటే ఫ్యూజు, తీగ మందం, లోడు ముందే చూసుకున్న మనిషి ఒకడు ఉండాలి. జాగ్రత్త పిరికితనం కాదు, పనితనంలో భాగం.

6. ముడి వేసి ముందుకెళ్లండి

పెద్దాపురం పట్టు నేసే చేనేతన్న పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి, అతికి, తర్వాతే ముందుకు వెళ్తాడు. మీరూ అలాగే చేయండి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకండి. టంకం పెట్టండి, స్లీవు తొడగండి, ఏ తీగ ఎంతో చీటీ రాసి అంటించండి. వోల్టులు, ఫ్యూజు, తేదీ నోటుబుక్కులో రాయండి. ఏడాది తర్వాత మీ తమ్ముడు ఆ పేజీ చూసి మిమ్మల్ని అడగకుండానే పని చేయగలిగితే, మీరు నేర్చుకోవడం పూర్తయినట్టు.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. రేపు ఇంటర్వ్యూలో కంప్యూటర్ వచ్చు అని అందరూ చెబుతారు. మీరు మాత్రం ఎంత వోల్టేజీ కొలిచారో, 2 ఆంపియర్ల ఫ్యూజే ఎందుకు పెట్టారో, డబ్బా ఎందుకు విప్పలేదో చెప్పండి. ఆ మూడు జవాబులు చెప్పగలిగినవాడికి పని అప్పగించడానికి ఎవరూ వెనకాడరు.