రైతు, రాయితీ: ఒకే వేరు

సత్యవేడులో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చి, "హజ్రత్! 'రైతు' అనే మాట ఉర్దూ నుండి వచ్చిందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. ప్రశ్న చిన్నదే. జవాబులో మాత్రం మనందరికీ పాఠం ఉంది.

ఈ పదానికి మూలం అరబీ. రా, ఐన్, యా అనే మూడక్షరాల ధాతువుకు మేపడం, కాపాడటం, కనిపెట్టుకొని ఉండటం అని అర్థాలు. మేపేవాడు 'రాయీ'. అతని సంరక్షణలో ఉన్న మంద 'రఇయ్యత్'. పాలకుని సంరక్షణలో ఉన్న ప్రజలకూ ఇదే పేరు. తమ అమానతులను, వాగ్దానాలను కాపాడుకునే విశ్వాసులను దివ్య ఖుర్ఆన్ (23:8) ఈ ధాతువుతోనే పేర్కొన్నది.

అరబీలో సేద్యగాణ్ణి 'ఫల్లాహ్' అంటారు. 'రఇయ్యత్' ఫార్సీలోకి వెళ్ళాక పాలితులకు, ముఖ్యంగా శిస్తు కట్టే సేద్యగాళ్ళకు పేరయింది. మన దేశంలో ఫార్సీ దర్బారు భాషగా ఉన్న కాలంలో అది తెలుగుకు చేరి 'రైతు' అయింది. 1820-27 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో పేరుతో ముడిపడిన 'రైత్వారీ' పద్ధతిలో జమీందారు మధ్యలో లేకుండా శిస్తు నేరుగా రైతు నుండే వసూలయ్యేది.

'రాయితీ' కూడా ఈ కుటుంబపు మాటే. అరబీలో 'రిఆయత్' అంటే సంరక్షణ. ఫార్సీ, ఉర్దూలలో ఎదుటివాని స్థితి గమనించి సడలింపు ఇవ్వడం అనే అర్థం కూడా వచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. శిస్తు లెక్కల్లో రైతు అంటే చెల్లించవలసినవాడు. పదం పుట్టిన చోట మాత్రం బాధ్యత మందది కాదు, కాపరిది. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). పాలకుడితో పాటు ఇంటి యజమాని, ఇల్లాలు, సేవకుడు కూడా ఆ హదీసులో ఉన్నారు.

ఇదంతా విని పెద్దాయన కాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత అసలు సంగతి చెప్పారు. ఆయన పొలం కౌలుకు చేస్తున్న వ్యక్తి పంట వానకు మునిగిందట. కౌలు కోసం రెండుసార్లు మనిషిని పంపారట. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వీలు కలిగేదాకా గడువివ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని ఖుర్ఆన్ (2:280) బోధిస్తోందని మేము గుర్తు చేశాము.

"అయితే ఈసారి నేనే వెళ్తాను, అడగడానికి కాదు" అన్నారాయన.

మన సంరక్షణలో ఎవరెవరున్నారో మనమూ ఒకసారి లెక్క చూసుకుందాం.