తుపాకి గొట్టంలో సీసం పట్టిందా? గొట్టానికీ ఇంటికీ 16 చిట్కాలు

చెనక్కాయ ఊడలు దిగే వేళకు చేన్లోకి అడవిపందులూ దిగుతాయి. రాత్రిపూట డబ్బాలు కొట్టే చప్పుడు, ఎప్పుడో ఒకసారి తుపాకి పేలిన చప్పుడు మా బత్తలపల్లె చుట్టుపక్కల కొత్తేమీ కాదు. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న రైతులు కొందరు. మిలిటరీ నుంచి వచ్చి డబుల్ బ్యారెల్ భుజాన వేసుకుని బ్యాంకు కాపలాకు పోయేవాళ్లు కొందరు.

మా నాయన ఆ రెండో రకం. ఆదివారం మిద్దె మీద పాత న్యూస్‌పేపరు పరిచి గొట్టం తుడిచేవాడు. లోపల అద్దంలా మెరిసేది. నల్లబడిన గుడ్డపేలికలు మాత్రం అమ్మ బట్టలు నానబెట్టే బక్కెట్టు పక్కనే పడుండేవి. “ఏమయ్యా, ఆ మసిగుడ్డలు నా బక్కెట్లో ముంచితే ఊరుకునేది లేదు” అని అమ్మ అరిచేది. ఆమెది మురికి భయం. ఆ మసిలో సీసం ఉందనీ, ఆ ఇంట్లో సరైన మాట చెప్పింది అమ్మేననీ నాకు అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది. అందుకే ఈ చిట్కాల్లో గొట్టానికి ఎంత చోటు ఇచ్చానో, ఇంటికీ అంతే ఇచ్చాను.

1. ముందు ఖాళీ చెయ్యండి. తుపాకిని మధ్యకు మడిచి తెరిచి, రెండు గొట్టాల వెనకవైపూ కంటితో చూడండి. తర్వాత చిటికెనవేలు పెట్టి తడమండి. నిన్ననే తీశాను కదా అనుకోవద్దు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి, అప్పుడు గుడ్డ చేతికి తీసుకోండి. గొట్టాలను కట్టె నుంచి ఊడదీసి శుభ్రం చేయడం ఇంకా క్షేమం.

2. మూతి నుంచి మందు కూరే తుపాకికి కడ్డీతో కొలత వేయండి. దాన్ని తెరిచి చూసే వీలు లేదు. మందును అంటించే టోపీ (పర్కషన్ క్యాప్) పెట్టలేదని ముందు నిర్ధారించుకోండి. గొట్టం మూతికి ఎదురుగా చెయ్యి గానీ మొహం గానీ రాకుండా పక్కన నిలబడి కడ్డీని మెల్లగా లోపలికి జార్చి, మూతి దగ్గర దాని మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఇప్పుడు బయటికి తీసి, ఆ గుర్తు మూతి దగ్గర ఉండేట్టు గొట్టం పక్కనే ఆనించండి. కడ్డీ కొన వెనక మర దాకా వస్తే గొట్టం ఖాళీ. మూడు నాలుగు వేళ్లు తక్కువ వచ్చిందా, లోపల మందూ గుళ్లూ ఉన్నట్టే. పొడవొద్దు, తవ్వొద్దు. లైసెన్సున్న తుపాకుల మేస్త్రీకి అప్పజెప్పండి.

3. లోపల ఉన్నది సీసమేనా? ఊడదీసిన గొట్టాన్ని వెనకవైపు నుంచి ఆకాశం వైపు పెట్టి చూడండి. మందు మసి నల్లగా ఉంటుంది, ఒక్క తుడుపుతో గుడ్డకు అంటుతుంది. తుప్పు ఎర్రగా, ఇటుకపొడిలా వస్తుంది. ప్లాస్టిక్ తూటాల తాలూకు మరక పలచని పొరలా ఊడుతుంది. సీసం అయితే బూడిదరంగు చారలుగా గొట్టం పొడవునా పూసినట్టుంటుంది, ఎంత తుడిచినా గుడ్డకు రాదు. బ్రష్ వేశాక గుడ్డ మీద వెండి పొట్టులాంటి రేకులు కనిపిస్తే ఇక అనుమానం లేదు.

4. అది ఎక్కడ పడుతుందో తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. సీసం మెత్తని లోహం, 327 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది. వేడి గాలి తోసుకుపోతుంటే అంచునున్న గుళ్లు గొట్టం గోడకు రాసుకుని అక్కడే పూత పూస్తాయి. తూటా కూర్చునే గది దాటిన వెంటనే గొట్టం సన్నబడే చోట ఒకటి, మూతి దగ్గర గొట్టం ఇరుకయ్యే చోట (చోక్) ఇంకొకటి. చూడాల్సింది ముఖ్యంగా ఈ రెండు చోట్లే. గుళ్లను గిన్నెలా పట్టుకునే ప్లాస్టిక్ అట్ట ఉన్న తూటాలతో ఇది తక్కువ, పాతకాలపు ఉన్ని అట్ట తూటాలతో ఎక్కువ. ఇంకో సంగతి: 12 బోర్ అనే పేరే సీసం నుంచి వచ్చింది. ఒక పౌండు సీసంతో సమానంగా 12 గుండ్లు పోస్తే ఒక్కో గుండు పట్టేంత గొట్టమని దానర్థం. అడ్డకొలత 18.5 మిల్లీమీటర్లు.

5. వంటింట్లో వద్దు, వసారాలో వద్దు. మిద్దె మీదో, పిల్లలు రాని పెరటి మూలనో కూర్చోండి. గాలి మీ వీపు వైపు నుంచి వీచేట్టు చూసుకోండి. కింద పాత పేపరు మందంగా పరవండి. గడ్డివామి పక్కన, పొయ్యి పక్కన ఈ పని పెట్టుకోవద్దు. కిరసనాయిలు ముట్టే పనిలో బీడీ అసలే వద్దు.

6. సరంజామా కొద్దిగానే ఉంటుంది. మీ బోరుకు సరిపోయే బ్రాంజ్ బ్రష్, కర్ర కడ్డీ లేదా ఇత్తడి కడ్డీ, పాత బనీను గుడ్డ, తుపాకుల అంగట్లో దొరికే బోర్ సాల్వెంట్, పారేసే రబ్బరు గ్లౌజులు. మిలిటరీలో పనిచేసినవాళ్లకు గొట్టంలో లాగే పుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డ అలవాటే. మసికి అవి చాలు, సీసానికి బ్రష్ కావాల్సిందే. ఇనుప తీగ బ్రష్ మాత్రం గొట్టంలో దూర్చొద్దు, గీతలు పడతాయి. ఆ గీతల్లోనే మళ్లీ సీసం కూర్చుంటుంది.

7. నానబెడితే పని సులువు. ముందు పొడిగుడ్డతో మసి తీసేయండి. సాల్వెంటులో తడిపిన గుడ్డను రెండుసార్లు పోనిచ్చి, పావుగంట అలా వదిలేయండి. సాల్వెంటు దొరక్కపోతే కిరసనాయిలు పనికొస్తుంది. సీసాన్ని అది కరిగించదు గానీ పొర కిందికి జారి పట్టు వదిలిస్తుంది. తొందరపడి ఎండు గొట్టంలో బ్రష్ తోస్తే సీసపు దుమ్ము లేచి మీ ముక్కులోకే వస్తుంది. తడిగా ఉన్నంతసేపు ఆ దుమ్ము లేవదు.

8. వెనక నుంచి ముందుకు తొయ్యండి. బ్రష్ తూటా పెట్టే వైపు నుంచి దూరి మూతి వైపు పూర్తిగా బయటికి రావాలి, అప్పుడే వెనక్కి లాగండి. మధ్యలో తిప్పితే బ్రష్ పోగులు వంగిపోతాయి. పది పదిహేను సార్లు పోనిచ్చి గుడ్డతో తుడిచి చూడండి. మొదట్లో బ్రష్ బిరుసుగా, కీచుమంటూ కదులుతుంది. సీసం ఊడేకొద్దీ చప్పుడు తగ్గి చేతికి నున్నగా తగులుతుంది. అనుభవం ఉన్నవాళ్లు చూడకుండానే ఆ తేడా పట్టేస్తారు.

9. మొండి సీసానికి రాగి పీచు. పాతబడిన బ్రష్ చుట్టూ బోకులు తోమే రాగి పీచు నాలుగు పోగులు చుట్టి, నూనెలో తడిపి పోనిస్తే మిగిలిన చారలు ఊడివస్తాయి. ఉక్కు కన్నా రాగి మెత్తన, సీసం కన్నా గట్టి. అయితే అంగట్లో అమ్మేదంతా రాగి కాదు, కొన్ని ఇనుప పీచుకు రాగి రంగు పూత. కొనేటప్పుడే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది రాగి కాదు, గొట్టం దగ్గరికి రానివ్వొద్దు.

10. చింతపండు ఇత్తడి చెంబుకే. పులుపుతో చెంబు తళతళలాడింది కదా అని గొట్టంలో పోస్తే నల్లపూత పోగొట్టి ఉక్కును తినేస్తుంది. వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోస్తే సీసం నిమిషాల్లో కరుగుతుందని చెప్పేవాళ్లున్నారు. కరుగుతుంది, నిజమే. కరిగి లెడ్ ఎసిటేట్ అవుతుంది. తియ్యగా ఉంటుంది కనుక పాతరోజుల్లో దానికి సీసపు చక్కెర అని పేరు. నీళ్లలో ఇట్టే కలిసిపోయే విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో తియ్యటి విషం గిన్నెలో కాచి పెట్టుకుంటామా?

11. పాదరసం, మంట, ఇసుక కాగితం మూడూ వద్దు. పాదరసం సీసాన్ని తనలో కలుపుకుంటుందని పూర్వం గొట్టంలో పోసి ఊపేవాళ్లు. దాని ఆవిరి సీసం కన్నా తొందరగా దెబ్బ తీస్తుంది. మంటతో కాలిస్తే గొట్టం వంకర పోవచ్చు, సీసపు పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇసుక కాగితం గొట్టం కొలతనే మార్చేస్తుంది.

12. మూతి నుంచి నల్ల మందుగుండు కూరే తుపాకికి ముందు నీళ్లు. ఆ మందుగుండు మసి గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది, అది నూనెకు లొంగదు. వేడి సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డలతో పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే సీసం పని మొదలుపెట్టండి.

13. చెనక్కాయ నూనె పొయ్యి మీదికే. వంటనూనె కొన్నాళ్లకు బంకలా మారుతుంది. గొట్టానికి తుపాకి నూనె, అది లేకుంటే కుట్టుమిషన్ నూనె. నూనె గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే కంటికి కనపడనంత పొర మిగులుతుంది, అది చాలు. ఎక్కువ పూస్తే మన ఎర్రమట్టి దుమ్ము దాని మీద పేరుకుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊళ్లో తుప్పెక్కడిది అనుకోవద్దు. సీసపు పొర కింద దాగిన తేమ, చేతి చెమట చాలు, చీమ కరిచినట్టు గుంటలు పడటానికి. ఎన్నికలప్పుడు తుపాకిని పోలీస్ స్టేషన్లో జమచేసే ముందు ఈ చిట్కా మరీ ముఖ్యం. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వస్తే ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. మురికిగా ఇచ్చిన తుపాకి అన్నాళ్లూ ఆ మురికితోనే ఉంటుంది.

14. గుడ్డపేలికలే అసలు ప్రమాదం. పొయ్యిలో వేయొద్దు, సీసం పొగలో కలుస్తుంది. దిబ్బలో వేయొద్దు, ఎరువుతో పాటు చేనుకు పోతుంది. బావి దగ్గర ఉతకొద్దు. పేలికలు, పరిచిన పేపరు, గ్లౌజులు కలిపి కవర్లో మూటకట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పిల్లలకు అందని చోట పెట్టండి. పెట్రోల్లో సీసాన్ని దేశమంతా 2000 నాటికే మానేసింది. గుడ్డపేలికలో దాన్ని మళ్లీ ఇంట్లోకి తేవడం ఎందుకు?

15. చేతులు కడిగేదాకా పని అయిపోనట్టే. నీళ్లు తాగే ముందు, బీడీ ముట్టించే ముందు, బిడ్డను ఎత్తుకునే ముందు సబ్బుతో గోళ్ల సందుల దాకా కడగండి. వేసుకున్న చొక్కా ఇంటిల్లిపాది బట్టల్లో కలపకుండా విడిగా ఉతకండి. కూర్చున్న చోట చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్ల కన్నా పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకసారి ఎముకల్లో చేరితే ఏండ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఎయిర్‌గన్ గుళ్లు కూడా ఎక్కువగా సీసమే. తిరునాళ్లలో బుడగలు కాల్చే అంగడి దగ్గర పిల్లలు గుళ్లు నోట్లో పెట్టుకుంటుంటే వెంటనే ఉమ్మించండి.

16. ఎప్పుడు ఆపాలో తెలుసుకోండి. రెండు విడతలు తోమినా పోని చార బహుశా గుంట అయి ఉంటుంది. గొట్టం ఉబ్బినట్టు, లోపల ఉంగరంలా నీడ పడినట్టు కనిపిస్తే ఆ తుపాకితో మళ్లీ కాల్చొద్దు, లైసెన్సున్న మేస్త్రీకి చూపించండి. ఇంట్లో పిల్లలకు తరచూ కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత ఉంటే బత్తలపల్లెలోనే ఉన్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆస్పత్రిలో గానీ మీరు వెళ్లే డాక్టరు దగ్గర గానీ ఇంట్లో సీసం పని జరుగుతుందని దాచకుండా చెప్పండి. సీసం లెక్క తేల్చేది రక్తపరీక్షే. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

చివరగా చట్టం మాట. ఇవన్నీ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సున్న తుపాకులకే. లైసెన్సు లేని నాటుతుపాకికి చిట్కా లేదు. లైసెన్సు ఉన్నా సరే, అటవీశాఖ అనుమతి లేకుండా అడవిపందిని కాల్చడం నేరం. కృష్ణజింక వైపు తుపాకి ఎత్తనే కూడదు.

ఈసారి మిద్దె ఎక్కేటప్పుడు తుపాకితో పాటు సబ్బుబిళ్ల, చెంబెడు నీళ్లు, ఒక మూత డబ్బా కూడా తీసుకుపొండి. అమ్మ బక్కెట్టును కిందనే ఉండనివ్వండి.