తవాంగ్‌కు నడిచిన మేజర్: బాబ్ ఖాతింగ్

అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులకు 1962 భారత్-చైనా యుద్ధమే గుర్తొస్తుంది. అంతకు పదకొండేళ్ల ముందే, 1951 ఫిబ్రవరిలో, అస్సాం రైఫిల్స్ దళంతో కొండదారుల్లో నడిచివెళ్లి అక్కడ భారత పాలనను నెలకొల్పిన అధికారి మేజర్ రాలెంగ్‌నావ్ (బాబ్) ఖాతింగ్. పంపినవారు అస్సాం గవర్నర్ జైరాందాస్ దౌలత్‌రామ్. అప్పటిదాకా అక్కడి పన్నులు టిబెట్ అధికారులకు చేరేవి. నెత్తురు చిందకుండానే పని ముగిసింది. ఇంతటి ఘట్టానికి మన ప్రశ్నపత్రాల్లో చోటు తక్కువే.

ఖాతింగ్ 1912లో మణిపుర్‌లో తంగ్‌ఖుల్ నాగా కుటుంబంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనల కదలికలను కనిపెట్టే వి-ఫోర్స్‌లో పనిచేసి మిలిటరీ క్రాస్ పొందారు. తర్వాత సరిహద్దు పరిపాలన సర్వీసులో చేరారు. 1957లో పద్మశ్రీ. నాగాలాండ్ ప్రధాన కార్యదర్శిగా, 1970లలో బర్మాలో భారత రాయబారిగా పనిచేశారు. 1990లో మరణించారు.