నాబోతు ద్రాక్షతోట

ఇది బైబిలు పాత నిబంధనలోని కథ. సుమారు 2,900 ఏళ్ల కిందటి మాట. ఇశ్రాయేలు దేశాన్ని అహాబు రాజు ఏలుతున్నాడు. యెజ్రెయేలు ఊళ్లో అతని కోట పక్కనే నాబోతుకు ఒక ద్రాక్షతోట ఉంది.

రాజు కన్ను దానిమీద పడింది. కూరగాయలు వేసుకుంటానన్నాడు. ఇంకో మంచి తోట ఇస్తాను, లేదా డబ్బు ఇస్తానన్నాడు. "మా తాత తండ్రుల భూమి. ఇవ్వను" అన్నాడు నాబోతు. తాతల భూమిని శాశ్వతంగా అమ్మకూడదని వాళ్ల ధర్మశాస్త్రం.

రాజు అలిగాడు. తిండి మానేసి, ముఖం తిప్పుకుని పడుకున్నాడు. చూడండి, అంత రాజు!

రాణి యెజెబెలు ఏం చేసింది? రాజు పేరుతో ఊరి పెద్దలకు ఉత్తరాలు రాసింది. రాజముద్ర వేసింది. పెద్దలు ముద్ర చూశారు. ఇది న్యాయమేనా అని ఒక్కరూ అడగలేదు. ఇద్దరు దొంగ సాక్షుల్ని నిలబెట్టారు. నాబోతు దేవుణ్ణీ, రాజునూ తిట్టాడని చెప్పించారు. అతన్ని ఊరి బయటకు తీసుకుపోయి రాళ్లతో కొట్టి చంపారు. పైకి అంతా చట్టప్రకారమే! ఉత్తరం ఉంది, సభ ఉంది, సాక్షులున్నారు.

రాజు తోట స్వాధీనం చేసుకోవడానికి వెళ్లాడు. అక్కడ ఏలీయా ప్రవక్త ఎదురయ్యాడు. ప్రవక్త అంటే జోస్యం చెప్పేవాడని మనం అనుకుంటాం. దేవుడి మాటను ఎవరి ముందైనా చెప్పేవాడే ప్రవక్త. ఏలీయా వెనక సైన్యం లేదు. అయినా, మనిషిని చంపించి భూమి కాజేశావని రాజును మొహం మీదే నిలదీశాడు.

రాణి చేసిన పనికి రాజును అడగడమేంటి? ఉత్తరం మీద పేరూ, ముద్రా రాజువే కదా!

అహాబు బట్టలు చించుకున్నాడు. గోనె కట్టుకుని ఉపవాసం ఉన్నాడు. తోటను నాబోతు వాళ్లకు తిరిగి ఇచ్చినట్టు మాత్రం ఆ కథలో ఎక్కడా లేదు.