చదువుకి డబ్బు ఇచ్చేముందు: తైత్తిరీయ ఉపనిషత్తు చెప్పిన ఐదు మాటలు

దానం మీద చేసిన వీడియోలో అన్నదానం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. విద్యాదానం దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోయింది. ఆ మిగిలిన పాఠమే ఇది. కొంచెం నిదానంగా చదవండి.

తైత్తిరీయ ఉపనిషత్తులో మొదటి భాగం శిక్షావల్లి. అందులో పదకొండో అనువాకం అంటే ఇప్పటి భాషలో కాన్వొకేషన్ స్పీచ్. వేదాధ్యయనం పూర్తిచేసి ఇంటికి వెళ్లిపోతున్న శిష్యుడికి ఆచార్యుడు చివరిసారిగా చెప్పే మాటలు. తల్లిని, తండ్రిని, గురువుని, అతిథిని దేవుళ్లుగా చూడమన్న ప్రసిద్ధమైన మాట ఇక్కడిదే. అది మనందరికీ తెలుసు. దాని తర్వాత కొద్ది దూరంలోనే దానం ఎలా చేయాలో కూడా ఆచార్యుడు చెప్తాడు. అక్కడిదాకా చాలామంది వెళ్లరు.

నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. దానం గురించి ఆ మాటలు రాజుకి చెప్పలేదు, వ్యాపారికి చెప్పలేదు. ఇప్పుడే చదువు అయిపోయినవాడికి చెప్పారు. అంటే బీటెక్ పట్టా పట్టుకుని మొదటి జీతం కోసం ఎదురుచూస్తున్న మనలాంటివాళ్లకి.

ఆ ఐదు మాటలు ఇవి: శ్రద్ధ, శ్రీ, హ్రీ, భీ, సంవిత్. శ్రద్ధతో ఇవ్వాలి. శ్రద్ధ లేకపోతే ఇవ్వకూడదని శంకరుల భాష్యం. శ్రీ అంటే మన స్తోమతకి తగ్గట్టు. హ్రీ అంటే సిగ్గు, వినయం. భీ అంటే భయం. సంవిత్ అంటే స్నేహభావం అని శంకరులు చెప్పారు, తెలివితో ఇవ్వడం అని చెప్పేవాళ్లూ ఉన్నారు. శ్రద్ధ గురించి ఇంతకుముందే చాలా చెప్పుకున్నాం కాబట్టి నేరుగా రెండోదానికి వెళ్తున్నా.

శ్రీకి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. నేను ఉండేది ఫిల్మ్ నగర్‌లో. జూబ్లీహిల్స్ వైపు వెళ్తూ ఏ వీధిలో చూసినా సినిమావాళ్ల పేర్లే. అక్కినేని నాగేశ్వరరావు గారు కృష్ణా జిల్లా రామాపురంలో 1923లో పుట్టారు. పేదరికం వల్ల బడి చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. అలాంటి మనిషి సినిమాల్లో సంపాదించడం మొదలుపెట్టాక గుడివాడ కాలేజీకి లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష! ఆ కాలేజీ ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. తనకి అందని చదువుకి డబ్బు ఇవ్వడంలో ఉన్న శ్రద్ధ వేరు. ఈమధ్య కాలంలో చూస్తే మంచు లక్ష్మి గారి టీచ్ ఫర్ చేంజ్ సంస్థ ప్రభుత్వ బడుల పిల్లలకి ఇంగ్లీష్ చదవడం నేర్పిస్తోంది. 'శ్రీమంతుడు' వచ్చిన 2015లో మహేష్ బాబు గారు బుర్రిపాలెం, సిద్ధాపురం గ్రామాలని దత్తత తీసుకున్నారు. స్టార్లు పబ్లిక్‌గా ఇస్తే పబ్లిసిటీ అని విసుక్కునేవాళ్లు ఉంటారు. నాకైతే అందులో తప్పేమీ కనపడదు, వాళ్లని చూసి ఇంకో పదిమంది ఇస్తారు. మన సంగతి వేరు. మన హ్రీ వేరే చోట పరీక్షకి వస్తుంది.

మా అపార్ట్‌మెంట్ దగ్గరి బస్తీలో పాలమూరు వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం ఒకటుంది. తల్లి నాలుగిళ్లలో పని చేస్తుంది, వాటిలో మా ఫ్లాట్ ఒకటి. రెండేళ్ల కిందట వాళ్ల అమ్మాయి పదో తరగతి పాసైంది. మార్కులు బాగానే వచ్చాయి. ఒకరోజు తల్లి గిన్నెలు తోముతూ మామూలుగా అంది, "ఇగ సదువు బంద్ చేపిద్దామనుకుంటున్నం సార్." ఫీజు సమస్య అనుకుని మేం నలుగురం డబ్బులు పోగేయడానికి రెడీ అయిపోయాం.

ఇక్కడే సంవిత్ పనికొచ్చింది. తెలంగాణలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. 2023 డిసెంబర్ నుంచి అమ్మాయిలకి ఆర్టీసీ బస్సు కూడా ఉచితం. మరి చదువు ఎందుకు ఆగుతోంది? కూర్చుని అడిగితే తెలిసింది. ఆ అమ్మాయి తల్లితో పాటు ఇంకో రెండిళ్లలో పనికి కుదిరితే నెలకి 4,500 వస్తాయి. ఆ డబ్బుతోనే ఇంటి అద్దె కట్టాలని లెక్క వేసుకున్నారు. వాళ్లకి కావాల్సింది ఫీజు కాదు, పోయే జీతం. మేం అడక్కుండా ఏదో కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టి ఉంటే అంతకి పదింతలు ఖర్చయ్యేది, అద్దె సమస్య అలాగే ఉండేది.

ఇది మన బస్తీల కథే కాదు. కెన్యాలో 2003లో ప్రాథమిక విద్య ఉచితం చేశారు. అయినా గ్రామాల్లో యూనిఫామ్ కొనలేక, ఇంట్లో పనివల్ల బడికి రానివాళ్లు మిగిలారు. అక్కడి బుసియా ప్రాంతంలో మైఖేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ చేసిన పరిశోధనలో పిల్లలకి నులిపురుగుల మందు ఇస్తే బడి ఎగ్గొట్టడం పావు వంతు తగ్గిందని తేలింది. 2004లో వచ్చిన ఆ లెక్కల మీద తర్వాత వాదనలు జరిగాయి, నిజమే. కానీ బడికి అడ్డం పడేది ప్రతిసారీ బడి ఫీజే కాదన్న మాట నిలబడింది. క్రెమర్‌కి 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలతో కలిపి నోబెల్ వచ్చింది.

సరే, హ్రీ దగ్గరికి వస్తా. డబ్బు సంగతి మాట్లాడుకున్న రోజు మా ఫ్లాట్‌మేట్ ఒకడు సరదాగా ఫోన్ తీసి ఫోటో దిగుదాం అన్నాడు. ఆ అమ్మాయి మెల్లగా అంది, "ఫోటో వద్దన్నా. కాలేజీల ఎవరన్న చూస్తరు." వాడు వెంటనే ఫోన్ జేబులో పెట్టేశాడు. ఆ ఉపనిషత్తు మాటకి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా వినలేదు. సిగ్గు పడాల్సింది తీసుకునేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు. నేను ఇచ్చేది చాలా తక్కువ కదా అనే సిగ్గు. మనం దాన్ని తిరగేసి రీల్స్ చేసి పిల్లల మొహాలు చూపించి సిగ్గంతా వాళ్ల మీద వేస్తున్నాం. మన ఛానల్లో కూడా సాయం తీసుకునే పిల్లల మొహం చూపించకూడదని మా టీమ్‌లో గట్టిగా చెప్పాను.

పాతకాలంలో మనవాళ్లకి ఈ సున్నితం తెలుసు. వారాలు చేసుకోవడం అని పెద్దవాళ్లు చెబుతుంటారు కదా. పేద విద్యార్థి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోంచేసి చదువుకునేవాడు. మా తాతగారు అలాగే చదివారు. ఏడిళ్లు కలిసి ఒక పిల్లాడిని మోసేవి, ఏ ఇంటికీ బరువయ్యేది కాదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి కథ ఇంకోలా ఉంటుంది. తండ్రి పోతే తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు ఆ పిల్లాడిని చేరదీసి, చదివించి, తనతో రాజమండ్రి తీసుకెళ్లారు. నాటకాలంటే ప్రాణం ఆ మాస్టారికి, శిష్యుడి చేత కూడా వేషాలు వేయించారు. ఆ శిష్యుడే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి.

ఇక భీ. ఇవ్వకపోతే పాపం అనే భయం అని సంప్రదాయంలో చెబుతారు. నేను దీన్ని ఇంకోలా కూడా అర్థం చేసుకుంటాను, ఇది నా ఆలోచన మాత్రమే. మధ్యలో ఆపేస్తానేమో అన్న భయం. మన ఉద్యోగాలు తెలుసు కదా. ఈ నెల హైటెక్ సిటీ, వచ్చే నెల బెంగళూరు, ఆపై నెల లేఆఫ్ మెయిల్. ఫస్టియర్‌లో సాయం చేసి సెకండియర్‌లో మాయమైతే ఆ పిల్ల నష్టం మనకంటే ఎక్కువ. అందుకే మేం నెలకి 4,500 చొప్పున 24 నెలలకి 1,08,000 ముందే లెక్కేశాం. తలా 27,000 ఒక విడి అకౌంట్‌లో వేసి పెట్టాం. ప్రతి నెలా ఒకటో తారీఖున తల్లి అకౌంట్‌కి వెళ్లిపోతుంది. మార్కుల షరతు ఏమీ పెట్టలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు బైపీసీ సెకండియర్.

సంస్థ ద్వారా ఇచ్చేవాళ్లకి ఒక చిన్న మాట. 80జీ మినహాయింపు కావాలంటే 2,000 దాటిన మొత్తాన్ని క్యాష్‌లో ఇవ్వకండి, పనికిరాదు. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు, రసీదు మాత్రం తీసుకోండి. ఆ డబ్బు ఏ బడికి, ఏ ఖర్చుకి వెళ్తుందో అడగండి. అడగడం కూడా సంవిత్తే.

తెలంగాణలో బడులు జూన్‌లో తెరుస్తారు, ఇంటర్ అడ్మిషన్లు కూడా ఆ రోజుల్లోనే జరుగుతాయి. మీ ఇంట్లో పనిచేసేవాళ్లని, మీ వాచ్‌మన్‌ని పిల్లల చదువు గురించి అడగాలనుకుంటే మేలోనే అడగండి, జూలైకి ఆలస్యమైపోతుంది. వచ్చే వీడియోలో గీత పదిహేడో అధ్యాయం, సాత్విక, రాజస, తామస దానాలు చూద్దాం. జై శ్రీమన్నారాయణ.