ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఫోన్‌లో చూసుకోవాల్సినవి

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు చూస్తున్నారా? బ్రోకరుకు టోకెన్ డబ్బులు ఇవ్వకముందే ఇవి చూసుకోండి. అన్నీ నేను వాడి చూసినవే, చాలావాటికి పైసా ఖర్చు లేదు.

1. ముందు సర్వే నంబరు, గ్రామం పేరు అడిగి రాసుకోండి. చెప్పడానికి నసిగితే సైటు దాకా వెళ్లకండి, పెట్రోలైనా మిగులుతుంది.

2. హెచ్‌ఎండీఏ సైట్‌లో 2031 మాస్టర్‌ ప్లాన్‌ మ్యాపులు ఉంటాయి. మీ సర్వే నంబరు ఏ జోన్‌లో పడిందో చూస్తే, అక్కడ ఇల్లు కట్టుకోనిస్తారో లేదో ఇంట్లో కూర్చునే తెలుస్తుంది.

3. మ్యాపు తెరిచాక మూలనున్న రంగుల పట్టిక ముందు చదవండి. ఏ రంగు దేనికో ఊహించుకుంటే లక్షల్లో నష్టం.

4. ‘కన్జర్వేషన్ జోన్’ అని కనబడితే ఇంటి ప్లాటు ఆశ వదులుకోండి. గుంటల లెక్కన చవగ్గా ఇస్తామనేది ఎక్కువగా ఇలాంటి చోట్లే!

5. మ్యాపు మన తృప్తికి, కాగితం ధైర్యానికి. కొనడం ఖాయమనుకున్నాక హెచ్‌ఎండీఏకి ఆన్‌లైన్‌లో అప్లై చేసి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి.

6. దగ్గర్లో చెరువుంటే హెచ్‌ఎండీఏ చెరువుల సైట్‌లో ఎఫ్‌టీఎల్‌ మ్యాపు తప్పకుండా చూడండి. ఎఫ్‌టీఎల్‌ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ హద్దు. ఎండాకాలంలో బీడుగా కనిపించిందని మోసపోవద్దు. ఆ హద్దు నుంచి కూడా, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు బఫర్‌ వదలాలి. అందులో కట్టిన ఇల్లు ఏ రోజు కూలుస్తారో తెలీదు, పిల్లల పేరున దాచిన డబ్బు అలా నేలపాలు కానివ్వకండి.

7. నాలా పక్కన ప్లాటైతే టేపు పట్టుకెళ్లండి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు వదలాలి.

8. కంప్యూటర్‌లో గూగుల్‌ ఎర్త్‌ పాత ఫొటోలు చూపిస్తుంది, వానాకాలం తర్వాతవి వెతకండి. ఆ వీధి కిరాణా కొట్టతన్ని కూడా ‘2020 అక్టోబరు వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్నా?’ అని అడగండి, గోడ మీద మరక చూపించి మరీ చెప్తారు.

9. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో నిషేధిత జాబితా, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రెండూ ఒకేసారి కూర్చుని చూసేయండి. ప్రభుత్వ భూమో, మరొకరికి అమ్మిందో ముందే బయటపడుతుంది.

10. ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు అడిగి, లేఅవుట్‌ కాపీలో మీ ప్లాటు నంబరు మీరే వెతకండి. పార్కు స్థలమో, హెచ్‌ఎండీఏకి తనఖా పెట్టిన ప్లాటో అంటగట్టకుండా తప్పించుకుంటారు.

11. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపైతే 111 జీవోలోని 84 గ్రామాల జాబితా చూడండి. జంట జలాశయాల కోసం కట్టడాలపై ఆంక్షలు పెడుతూ 1996లో తెచ్చిన జీవో అది. ‘ఎత్తేశారు’ అని బ్రోకరంటే కాగితం చూపించమనండి.

12. వెంచర్ 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. రెరా సైట్‌లో ఆ నంబరు కొట్టి, చూసిన ప్రతి పేజీ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లాయరు దగ్గర సగం పని తగ్గుతుంది.